మోగితే దొంగ, మోగకపోతే దొర

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏ పెద్ద బట్టల షాపుకి వెళ్లినా గుమ్మానికి అటొకటి ఇటొకటి తెల్లటి గేట్లు కనిపిస్తాయి. జయవిజయుల ఉద్యోగం ఇప్పుడు వాటిది. బిల్లు కట్టకుండా చీర ఎత్తుకుపోయేవాణ్ని అవి పట్టేస్తాయని ఓనరుగారి నమ్మకం. పాపం, వాటికి దొంగా తెలియదు, చీరా తెలియదు. తెలిసిందల్లా 8.2 మెగాహెర్ట్జ్.

చీరకు తగిలించిన ట్యాగ్‌ విప్పి చూస్తే లోపల ఓ తీగచుట్ట, ఓ బుల్లి కెపాసిటర్ ఉంటాయి. బ్యాటరీ లేదు, బుర్ర లేదు. గేటు 8.2కి కాస్త కిందనుంచి కాస్త పైదాకా తరంగాలు వదులుతూ, మళ్లీ కిందికి వస్తూ, రోజంతా అదే పనిలో ఉంటుంది. ఉయ్యాలను దాని ఊపుకి తగ్గట్టు తోస్తేనే కదా ఊగేది! తన ఊపు తగలగానే ట్యాగ్ కూడా ఊగుతుంది. ఆ కదలికని గేటు పసిగట్టి కుయ్యిమంటుంది. అంతకుమించి విచారణ లేదు, సాక్ష్యం లేదు. కౌంటర్లో అమ్మాయి డిటాచర్ మీద పెట్టి పిన్ను తీయడం మరిచిపోయిందా, వేలకు వేలు బిల్లు కట్టిన పెళ్లివారు పట్టుచీరలతో సహా గుమ్మంలో ముద్దాయిలు. పక్క షాపులో తీయడం మరిచిన ట్యాగ్ బ్యాగులో ఉంటే ఇంకా ముచ్చట. ఇక్కడ అడుగుపెడుతూనే మోగుతుంది. ఏమీ ముట్టుకోకముందే దొంగ!

ఈ యంత్రాల పుట్టుక వెనక ఓ పరుగుపందెం కథ చెబుతారు. 1960లలో అమెరికాలో, ఒహాయో రాష్ట్రపు ఆక్రన్‌లో, కిరాణా స్టోరు మేనేజరు రాన్ అస్సాఫ్ వైన్ సీసాలతో పారిపోతున్న దొంగ వెంట పడి, ఆయాసం తప్ప మరేమీ దక్కక వెనక్కి వచ్చాడట. ఆ ఉక్రోషంలోంచే సెన్సర్‌మాటిక్ కంపెనీ వచ్చింది. మేనేజర్లకు పరుగు తప్పింది. మనకు ఆగడం వచ్చిపడింది.

గేటు బిగించేస్తే పని అయిపోదు, ట్యూన్ చేయాలి. సర్వీసు కుర్రాడు ల్యాప్‌టాప్ కేబుల్ గుచ్చి కూర్చుంటాడు. తెర మీద గడ్డి మొలిచినట్టు గీతలు. ట్యాగ్ ఎక్కడా లేదు, అయినా గడ్డి ఎదుగుతూనే ఉంది. ఎవరి పని అది? పైన చౌకగా తెచ్చి వేసిన ఎల్‌ఈడీ దీపాల డ్రైవర్లది. కౌంటర్ కింద చుట్టచుట్టి పడేసిన ఎక్స్‌టెన్షన్ వైరుది. గుమ్మానికున్న అల్యూమినియం ఫ్రేముది. లోహం ఎక్కడ వలయంలా కలిసినా అది తానూ ఓ ట్యాగ్‌నే అనుకుంటుంది. దీపం ఆర్పించి చూస్తాడు, వైరు విప్పిస్తాడు, ఫ్రేములో ఓ చోట ప్లాస్టిక్ ముక్క దూర్చి వలయం తెంచుతాడు. ఆ తర్వాత ట్యాగ్ చేత్తో పట్టుకుని గేట్ల మధ్య నడుస్తాడు. మోకాలి దగ్గర పెట్టి ఓసారి, నడుము దగ్గర, తల దగ్గర. నిలువుగా, అడ్డంగా, పడుకోబెట్టి. గేట్ల మధ్య ఎడం ఎక్కువైతే సరిగ్గా నడిమధ్య నుంచి ట్యాగ్ చప్పుడు చేయకుండా జారుకుంటుంది. ఎడం తగ్గిద్దామంటే పిల్లాణ్ని బండిలో కూర్చోబెట్టుకొచ్చే తల్లికి దారి చాలదు.

ఇంత చేసి వెళ్లాడా, మర్నాటికల్లా ఫ్లోర్ మేనేజరు డిస్కౌంట్ చీరల స్టాండు తెచ్చి గేటు పక్కనే పెట్టిస్తాడు. స్టాండు నిండా ట్యాగులే. గేటు ఊరుకోమంటే ఎలా ఊరుకుంటుంది?

అప్పుడు ఫోన్. "బాబూ, ఊరికే మోగి చస్తోందయ్యా, కొంచెం తగ్గించు." తగ్గిస్తాడు. నెలాఖరుకి స్టాకు లెక్క తేలదు. "ఏవయ్యా, నిద్రపోతోందా నీ మెషీను? పెంచు!" పెంచుతాడు. దసరా రద్దీ వస్తుంది. "పండగపూట కస్టమర్లని అవమానించమంటావా? తగ్గించు!" కుర్రాడు ఆ స్క్రీను మీద సున్నితత్వం అంకె మారుస్తాడు కానీ, మారేది నిజానికి న్యాయశాస్త్రం. వంద మంది దొంగలు తప్పించుకున్నా ఒక్క నిర్దోషికి శిక్ష పడకూడదనే సూత్రం పండగ వారం అమల్లో ఉంటుంది. స్టాక్ లెక్క వారం రాగానే అది తలకిందులు.

ఇదంతా మొదటి సెన్సార్ సంగతి. గుమ్మంలో రెండోది ఒకటుంది. నీలం చొక్కా, భుజం మీద అట్టముక్క, చేతిలో బిల్లుల మీద గుద్దే స్టాంపు. గేటు కుయ్యిమనగానే ఆయన చూపు గేటు వైపు పోదు, చెప్పుల వైపు పోతుంది. మెరిసే బూట్లా, "మెషీన్ ప్రాబ్లం సార్, మీరెళ్లండి." హవాయి చెప్పులా, "ఏమ్మా, ఇటు రా, సంచీ తియ్యి." ఒకే గేటు, ఒకే మోత. బూట్లకు మెషీను తప్పు, చెప్పులకు మనిషి తప్పు. కాటన్ చీర కట్టుకున్న ఆవిడ సంచీలోంచి బిల్లు వెతికి తీసేదాకా వెనక క్యూ అంతా ఆవిడ వైపే చూస్తుంటుంది. బిల్లు దొరికాక ఎవరూ సారీ చెప్పరు. స్టాంపు మాత్రం గట్టిగా పడుతుంది.

ఆయన్ని అనడానికీ లేదు. చేరిన కొత్తలో, మోగిందని ఒక పెద్దమనిషి కారు దాకా వెళ్లి సంచీ అడిగాడు. సాయంత్రానికి ఆయన డ్యూటీ సెల్లార్ పార్కింగ్‌కి మారింది. పై అంతస్తుకి మళ్లీ వచ్చేసరికి కళ్లు బాగా ట్యూన్ అయ్యాయి. దానికి ల్యాప్‌టాప్ అక్కర్లేకపోయింది.

దొంగతనమే వృత్తిగా ఉన్నవాళ్లు ఈ గొడవల్లో ఎక్కడా కనిపించరు. వాళ్లకి గేటు గురించి ఫ్లోర్ మేనేజరు కన్నా ఎక్కువ తెలుసు. మెరిసే బూట్ల రహస్యం కూడా తెలుసు. సరుకు లారీ ఆగే వెనక గోడౌను తలుపుకైతే గేటే లేదు. అక్కడ ఓనరుగారి బావమరిదిగారు కుర్చీ వేసుకుని కూర్చుంటారు, ఆయన ఏ ఫ్రీక్వెన్సీకీ మోగరు.

ఈ ఏడాది ఓనరుగారు విసిగిపోయి కొత్త గేట్లు తెప్పించారు. చూడ్డానికి పాతవాటికన్నా దర్జాగా ఉన్నాయి, నీలం లైటు వెలుగుతుంది. లోపల యాంటెనా లేదు, బోర్డు లేదు, ఒట్టి డొల్ల. ధర తక్కువ, మోత లేదు, భయం మాత్రం పాతదే. బిగించడానికి అదే కుర్రాడు వచ్చాడు. అలవాటు కొద్దీ ట్యాగ్ పట్టుకుని మోకాలి దగ్గరా, నడుము దగ్గరా, తల దగ్గరా పెట్టి నడిచాడు. మోగలేదు. "పర్ఫెక్ట్‌గా ఉంది సార్" అని ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు కాగితం బల్ల మీద పెట్టాడు. ఓనరుగారు చదవకుండానే సంతకం చేసి, జీఎస్టీ కలిపా, విడిగానా అని అడిగారు.