భూతం నవల కొనే ముందు తిట్టినవాళ్ల మాట వినండి

జొనాథన్ స్ట్రౌడ్ అనే బ్రిటిష్ రచయిత నవల ‘ది అమ్యులెట్ ఆఫ్ సమర్కండ్’ 2003లో వచ్చింది. ఇలాంటి పుస్తకం విషయంలో అందరూ చెప్పే జాగ్రత్తలు మీకు తెలిసినవే. నలుగురు మెచ్చుకున్నాకే కొనమంటారు, ముగింపు ఎవరైనా చెప్పబోతే చెవులు మూసుకోమంటారు, పూర్తిచేశాకే నోరు విప్పమంటారు. ఈ నవలకు మాత్రం నేను అన్నీ తలకిందులుగానే చెబుతాను.

ముందు కథ. లండన్‌ను మంత్రగాళ్లు ఏలుతుంటారు. నథానియేల్ అనే కుర్ర శిష్యుణ్ణి సైమన్ లవ్‌లేస్ అనే పెద్ద మంత్రగాడు నలుగురిలో అవమానిస్తాడు. ఆ పగతో కుర్రాడు ముగ్గు గీసి, అయిదువేల ఏళ్ల బార్టిమేయస్ అనే జిన్నీని రప్పించి, లవ్‌లేస్ దగ్గరున్న తాయెత్తును దొంగిలించుకు రమ్మంటాడు. అల్లావుద్దీన్ దీపంలోని భూతం మనకు చిన్నప్పటినుంచీ తెలుసు. పిలిచినప్పుడల్లా వచ్చి చాకిరీ చేయడం దానికెలా ఉంటుందో మనం అడిగింది లేదు. స్ట్రౌడ్ ఆ భూతానికే నోరిచ్చాడు. ఆ నోరు ఊరుకోదు, వెటకారం దాని ఊపిరి.

1. పొగడ్తలు పక్కన పెట్టండి. మెచ్చుకున్నవాళ్లు ‘భలే నవ్వించింది’ అని వదిలేస్తారు. ఆ మాట ఏ హాస్య నవలకైనా సరిపోతుంది. విసుక్కున్న పాఠకుడు మాత్రం ఎక్కడ విసుగు పుట్టిందో వేలుపెట్టి చూపిస్తాడు. ఈ నవలలో అతని వేలు పడ్డచోటల్లా అసలు సరుకు ఉంటుంది.

2. కథ పరుగెడుతుంటే ఆగి ఫుట్‌నోట్ చదవండి. చాలామంది ఫిర్యాదు దీనిమీదే: ఒళ్లు జలదరించే ఘట్టంలో ఒక చిన్న అంకె, దాని వెంట పేజీ అడుగున సొలొమోను కాలం ముచ్చట. కథ తెగిపోతుంది, నిజమే. అది తెగాల్సిందే. పైన పేజీలో బార్టిమేయస్ బానిస, కుర్రాడు చెప్పింది చేసి తీరాలి. అతను తన ఇష్టం వచ్చినట్టు మాట్లాడుకోగలిగిన చోటు ఆ అడుగు భాగమొక్కటే. దాన్ని దాటేస్తే అతని స్వేచ్ఛను మీరూ దాటేసినట్టే.

3. నథానియేల్‌ను క్షమించకండి. ‘కుర్రాడికి పొగరు, అతని అధ్యాయాలు వస్తే పేజీలు తిప్పేశాను’ అని చాలామంది అంటారు. తిప్పవద్దు. ప్రతి పేజీ చదివి మరీ కోప్పడండి. అయిదేళ్లకే కన్నవాళ్లు వదిలేసిన పిల్లవాడని జాలిపడి సర్దుకుపోకండి. జిన్నీ తన మాట దాటకుండా ఇతను చేసిన ఏర్పాటు చూడండి: నెల గడువులో తను చస్తే, జిన్నీ ఒక పొగాకు డబ్బాలో శాశ్వతంగా బందీ అయిపోవాలి. దీన్ని తెలివి అని మెచ్చుకున్న పాఠకుడు మంత్రగాళ్ల పక్షాన చేరినట్టే.

4. హ్యారీ పాటర్‌తో తప్పకుండా పోల్చండి. పోలిక అన్యాయమని పెద్దలంటారు. కానీ 1997లో మొదలైన ఆ కథల పక్కన పెడితేనే స్ట్రౌడ్ చేసిన పని తెలుస్తుంది. అక్కడ మంత్రశక్తి పుట్టుకతో వస్తుంది. ఇక్కడ మంత్రగాడికి సొంతంగా ఏ శక్తీ లేదు. పుస్తకాలు బట్టీపట్టి, ఒక జీవిని బలవంతంగా లాక్కొచ్చి, దాని చేత పని చేయించుకోవడమే అతని విద్య. ఆ జీవికి ఈ లోకంలో ఉన్నంతసేపూ ఒళ్లు నొప్పి, వెండి తగిలితే మంట. లండన్ వైభవమంతా ఆ నొప్పి మీద నిలబడింది. జోకుల కింద ఉన్న సంగతి ఇదే.

5. మూడో పుస్తకం ముగింపు ముందే తెలుసుకోండి. ఈ కథ 2004లో ‘ది గోలెమ్స్ ఐ’, 2005లో ‘టోలెమీస్ గేట్’గా సాగింది. చివర్లో నథానియేల్ చనిపోతాడు. చనిపోయే ముందు, తనతోపాటు నాశనం కాకుండా బార్టిమేయస్‌ను విడిచిపెడతాడు. చెప్పేశానని కోపం తెచ్చుకోకండి. ఈ సంగతి తెలిశాక మొదటి పుస్తకం ఇంకా చేదుగా, ఇంకా గొప్పగా ఉంటుంది. డబ్బాతో బెదిరించిన చేయి ఆ విడుదల దాకా ఎలా వెళ్లిందో ఒక్కో మెట్టూ చూస్తూ చదువుతారు. మూడో సలహా అందుకే ఇచ్చాను: సగంలోనే క్షమించేసినవాళ్లకు ఆ మార్పు బరువు తెలియదు.

6. సగంలోనే అభిప్రాయం రాసేయండి. పూర్తయ్యేదాకా ఆగితే ముగింపు తెచ్చిన కన్నీళ్లు మీ మొదటి చిరాకులన్నిటినీ కడిగేస్తాయి. వంద పేజీలకే కాగితం తీసి, ఎవరి మీద కోపం వచ్చిందో, ఏ జోకుకు నవ్వి తర్వాత ఇబ్బందిపడ్డారో రాయండి. మూడు పుస్తకాలూ అయ్యాక అందులో అక్షరం కొట్టేయకుండా, కింద రెండో అభిప్రాయం చేర్చండి. పుస్తకం మిమ్మల్ని ఎంత దూరం నడిపించిందో ఆ రెండూ కలిపి చదివినవాళ్లకే తెలుస్తుంది. ఇంకొకరికి ఈ నవల ఇచ్చేటప్పుడు ఆ కాగితం కూడా ఇవ్వండి, తిట్లతో సహా.