గుప్పెడు ఇసుక

నాది హైదరాబాదు. పాతబస్తీ డాబాల మీద పతంగులు ఎగరేస్తూ పెరిగాను. ఒక సంక్రాంతికి విశాఖలోని అక్కవాళ్లింటికి వెళ్తూ సంచిలో రెండు చరఖాల చైనా మాంజా పెట్టుకున్నాను. ఆ నైలాన్ దారాన్ని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే దేశమంతటా నిషేధించింది. ఆ సంగతి తెలిసే కొన్నాను. మేనల్లుడి ముందు గొప్ప అనిపించుకోవాలన్న యావ నాది.

"పక్కనే రోడ్డుందిరా, మామూలు దారం పట్టుకెళ్లు" అంది అక్క. సముద్రం మీద ఎగరేస్తే ఎవరికి తగులుతుందన్నాను.

మధ్యాహ్నం మూడింటికి ఆర్కే బీచ్‌కి వెళ్లాం. ఎండకి నేల త్వరగా వేడెక్కుతుంది, నీరు నెమ్మదిగా వేడెక్కుతుంది. నేల మీది వేడిగాలి పైకి లేస్తే ఆ చోటులోకి సముద్రం మీది చల్లగాలి వస్తుంది. అందుకే పగలు గాలి నీటివైపు నుంచి ఊరివైపు వీస్తుంది. బడిలో చదువుకున్న పాఠమే ఇది. ఒడ్డున నిలబడితే చొక్కా వీపుకి అతుక్కుపోతోంది. గాలిపటం నా ముందుకు, బీచ్ రోడ్డు మీదికి లేచింది. అయినా నా కళ్లు పటం మీదే ఉన్నాయి, కింద పోతున్న బళ్ల మీద లేవు.

డాబా మీద గాలి ఆగి ఆగి వస్తుంది. ఇక్కడ ఒకటే ఉధృతి. మేనల్లుడి చేతిలో చరఖా గిర్రున తిరిగింది. పటం చిరిగి కూలింది. దారం రోడ్డుకి అడ్డంగా దిగింది. నూలుదైతే ఆ లాగుడుకి పుటుక్కున తెగేది. ఇది సాగిందేగాని తెగలేదు.

స్కూటర్ మీద వస్తున్న ఒక పెద్దాయన మెడకి తగిలిన దారాన్ని చేత్తో పట్టుకుని ఆగిపోయాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం రెండుగా విడిపోయింది. హెల్మెట్ పట్టీ సగానికి కోసుకుపోయింది. దాని కింద మెడ మీద సన్నటి ఎర్రగీత.

"పీక మీద పడుంటే ఏటయ్యేది బాబూ?" అన్నాడు. తిట్టలేదు. ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లాను. చేతికి నాలుగు కుట్లు పడ్డాయి.

తిరిగొస్తుంటే మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, ఆ దారం కోస్తుందని నీకు ముందే తెలుసా?"

"తెలుసురా" అన్నాను. వాడు ఇంకేమీ అడగలేదు. తెలియక చేస్తే పొరపాటు అనేవాణ్ణి. తెలిసి చేశాను కాబట్టి అది నా తప్పు. ఆయన మెడ దక్కడం నా అదృష్టమేగాని నా జాగ్రత్త కాదు.

సముద్రం ఒడ్డున పిల్లలతో గాలిపటాలు ఎగరేయండి, అంత ఆనందం ఇంకోటి లేదు. గాజుపొడి పూయని నూలు దారమే వాడండి. ముందుగా గుప్పెడు ఇసుక తీసి భుజం ఎత్తు నుంచి వదలండి. అది రోడ్డువైపు పోతే మాత్రం, దయచేసి, గాలిపటాన్ని సంచిలోంచి తీయకండి.