మోచేతి మడతలో సౌప్తిక పర్వం

తిక్కన సోమయాజి పదిహేను పర్వాలు తెనిగించిన నెల్లూరు సీమ ఇది. నిద్రపోతున్న ఉపపాండవులను అశ్వత్థామ కడతేర్చిన సౌప్తిక పర్వమూ వాటిలో ఉంది. అయితే కావలి పట్టణంలో ఓ మిద్దె మీద, ఈతచాపపై పడుకున్న నాలుగేళ్ల బాలుడి మోచేతి మడతలో రాత్రిరాత్రీ జరిగే సౌప్తికాన్ని మాత్రం ఏ కవీ పట్టించుకోలేదు. కురుక్షేత్ర విస్తీర్ణం రెండంగుళాలు.

రోహిణి కార్తె. తుమ్మలపెంట తీరం నుంచి బయల్దేరిన సముద్రపు గాలి ఊరు చేరలేదు. కరెంటు పోయింది. ఘర్మజలబిందు సందోహం మడతలోకి దిగింది. ఎగ్జిమా వల్ల చర్మపు కోటగోడ అప్పటికే బీటలు వారి ఉంది.

అదిగో, లేచాడు సబ్‌స్టెన్స్ పి! కౌరవసేనకు పదకొండు అక్షౌహిణులైతే, నాడులు వదిలే ఈ న్యూరోపెప్టైడ్‌కు పదకొండు అమైనో ఆమ్లాలు. అశ్వత్థామ పుడుతూనే గుర్రంలా సకిలించాడు. ఉల్ఫ్ వాన్ ఆయిలర్, జాన్ గాడమ్ 1931లో సబ్‌స్టెన్స్ పి జాడ కనిపెట్టింది కూడా గుర్రపు మెదడు, పేగుల సారంలోనే. వాడిలాగే వీడికీ బిడ్డల నిద్రే అదను.

మనిషి నడక వేగంతో వార్తలు మోసే సన్నని నాడీతంతువుల కొసల నుంచి ఆ వీరుడు చర్మంలోకి దూకాడు. మాస్ట్ కణాల కోటతలుపులు తట్టాడు. అవి పగిలి హిస్టమిన్ శరవర్షం కురిసింది. పక్కనే మరో న్యూరోపెప్టైడ్ సీజీఆర్‌పీ, ముప్పై ఏడు అమైనో ఆమ్లాల మహారథి, రక్తనాళాలను విప్పార్చింది, మడతంతా ఎర్రబారింది. చర్మకణాలు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్‌ను వదిలాయి. రీటా లెవీ మోంటాల్చీనికీ స్టాన్లీ కోహెన్‌కూ 1986లో నోబెల్ తెచ్చిన పరిశోధనల్లో ఒకటి దీని మీదే. నాడులకు కొత్త కొమ్మలు తొడిగే ఈ మహానుభావుడు శత్రువుకు కొత్త దారులు వేసిపెట్టాడు.

దురద రేగి బాలుడు దివ్యాస్త్రం తీశాడు: పది వేళ్ల నఖాలు! బరబర, బరబర! ఆహా, ఏమి విజయానందం! కానీ ఆ అస్త్రం తగిలిన చోటల్లా గోడ ఇంకాస్త కూలింది, నాడులు మరింత రేగాయి, పెప్టైడ్ల సేన రెట్టించింది.

"ఏందిరా నాయనా ఆ గోకుడు, ఆపు!" అని అవ్వ శంఖం పూరించింది. మర్నాడు వంకాయకు వనవాసం, ఎండుచేపకు అజ్ఞాతవాసం విధించింది. నాన్న హిస్టమిన్‌ను అడ్డుకునే ఎలర్జీ సిరప్ తెచ్చాడు. అది కునుకు తెప్పించగలదేమో గానీ, ఇక్కడ సేనాని హిస్టమిన్ ఒక్కటే కాదు గనుక, ఈ దురదను పెద్దగా అణచలేదు. సబ్‌స్టెన్స్ పి దూరే ద్వారాన్నే మూసే మందులను ఎగ్జిమా మీద ప్రయోగించి చూశారు. అవీ గట్టి గెలుపు తేలేదు. ఒక్క వీరుణ్ణి కూల్చితే ముగిసే యుద్ధం కాదిది.

ఫలశ్రుతి: ఈ పర్వం విన్నవారు బిడ్డకు గోరువెచ్చని నీళ్లతో క్లుప్తంగా స్నానం చేయించి, తడి ఆరకముందే మాయిశ్చరైజర్ దట్టంగా పట్టించెదరు గాక! గోళ్లు కురచగా కత్తిరించెదరు గాక! డాక్టరు రాసిన స్టెరాయిడ్ లేపనాన్ని పాములా చూడక, చెప్పినన్ని రోజులు రాసెదరు గాక! గోకుడు బిడ్డ మొండితనమనే అపవాదును వెనక్కు తీసుకొనెదరు గాక! డాక్టరు పరీక్షించి దోషి అని తేల్చనంతవరకు గుత్తివంకాయకు పట్టాభిషేకం జరుగు గాక!