సెమీఫైనలు సెక్రటరీగారు

ఫుట్‌బాలు ఆటకు పక్షమునకు పదునొకండుగురు ఆటగాండ్రును, ఒక రెఫరీయు, ఒక బంతియు చాలునని భ్రమపడువారు మా సికింద్రాబాదు పేటలలో ఏ క్లబ్బు గడపయు త్రొక్కనివారై యుందురు. ఆటగాండ్రకంటె ముందు వచ్చి సున్నపు గీతలు గీయించి, వారెల్ల ఇండ్లకు పోయిన పిమ్మట గూడ చీకటిలో కార్నరు జెండాలు లెక్కపెట్టుకొనుచు నిలుచు జీవి యొకడు కలడు. అతడే హానరరీ సెక్రటరీ. ‘హానరరీ’ యనగా జీతము లేనివాడని సామాన్యార్థము. ఇంటికి రావలసిన జీతము గూడ అటే పోవునని, అతని భార్య చెప్పు విశేషార్థము.

మా సెక్రటరీగారు ముప్పది యేండ్లుగా ఆ పదవి నలంకరించియున్నారు. ఏటేటా సర్వసభ్య సమావేశమున రాజీనామా సమర్పింతురు. ఏటేటా అది ఏకగ్రీవముగ తిరస్కరింపబడును. వారియందు మాకు గౌరవము లేకపోలేదు గాని, రాజీనామా నామోదించినచో వారి మంచము క్రింది రేకుపెట్టె నెవరి మంచము క్రిందికి చేర్చవలయునను ధర్మసంకట మేర్పడును. ఆ పెట్టెలో రెండు బంతులు, ఒక గాలిపంపు, పదునారు జెర్సీలు, మూడు తరముల పిల్లలు తొడిగి విడిచిన బూట్లు, వానిమీద పట్టుగుడ్డలో చుట్టిన పిల్లల జనన ధ్రువపత్రములు నుండును. పదునారేండ్ల లోపు బాలుర పోటీలో గోలుకీపరు లేకున్నను ఆట జరుగును గాని ధ్రువపత్రము లేనిచో జరుగదని వారి సూక్తి. మా జట్టులో మీసకట్టు దట్టముగ వచ్చిన బాలు డొకడున్నాడు. వాని వయస్సు ముమ్మాటికి నిజమైనదే. అయినను ప్రతి పోటీకి ముందునాడు సెక్రటరీగారు వానిని వెంటబెట్టుకొని మంగలి దుకాణమునకు పోయి, సత్యమునకు గూడ క్షౌరము చేయించి తెచ్చెదరు.

వారి చంకనుండు రెక్సిను సంచిలో మూడు కాగితము లెల్లపుడు సిద్ధముగ నుండును. మొదటిది ముఖ్య అతిథికి స్వాగతము. రెండవది ఓడిన పిల్లల నోదార్చు ఉపన్యాసము. మూడవది ప్రొటెస్టు పత్రము. ‘మా జట్టునకు జరిగిన తీరని అన్యాయమునుగూర్చి’ యని ప్రారంభమై, సంతకము, తేది పెట్టుటకు చోటుతో ముగియును. అన్యాయ మెట్టిదో వ్రాయుటకు నడుమ నాలుగు పంక్తుల ఖాళీ విడువబడినది. ఆట కాకపూర్వమే అన్యాయమును టైపు చేయించి యుంచుటలో గల దూరదృష్టిని నేను ప్రశంసింపగా, ‘రుసుముతో అరగంటలో ఇయ్యవలెనయ్యా, అప్పుడు కూర్చుండి వ్రాయుటకు వీలగునా?’ యని వారు సెలవిచ్చిరి.

ఇవి యెల్ల ఏ క్లబ్బు సెక్రటరీయందైనను కొంచె మెచ్చుతగ్గుగ కానవచ్చు లక్షణములే. మావారి ప్రత్యేకత వారి సెమీఫైనలు సిద్ధాంతము. మొదటి రౌండులో ఓడినవాడు నవ్వులపాలగును. ఫైనలులో ఓడినవాడు కుమిలిపోవును. ఫైనలులో గెలిచినవాడు బిరియానీ పెట్టవలసివచ్చును. సెమీఫైనలులో ఓడినవాడు మాత్రము మరునాటి పత్రికలో జట్టు పేరు చూచుకొని, పోరాడి ఓడితిమని పదిమందితో చెప్పుకొని, పైస వ్యయము లేక కీర్తిమంతుడగును. కావున బుద్ధిమంతుడు సెమీఫైనలువరకు పిల్లలను తరుముకొనిపోయి అచ్చట దైవమునకు వదలిపెట్టవలయును.

ఇది తమ పిసినితనము కాదనియు, దేశసంప్రదాయమనియు నిరూపించుటకై వారు 1956వ సంవత్సరపు మెల్బోర్ను ఒలింపిక్సు నుదాహరింతురు. నాటి భారతజట్టునకు శిక్షకుడు మన హైదరాబాదువాడైన సయ్యద్ అబ్దుల్ రహీం, వృత్తిచే బడిపంతులు. మొదటి రౌండులో ఎదురాడవలసిన హంగరీ విరమించుకొనుటచే మనవారు కాలు కదపకయే గెలిచిరి. (‘వాకోవరు’ అను మాట పలుకునపుడు సెక్రటరీగారి కన్నులు అరమోడ్పు లగును, కర్చులేని విజయములలో దానికి సాటి లేదు.) పిదప ఆస్ట్రేలియాను 4-2 తో గెలిచిరి, అందు మూడు గోలులు నెవిల్ డిసౌజావే. సెమీఫైనలులో యుగోస్లావియాపై మొదటి గోలు గూడ మనవాడే కొట్టెను, తరువాత వారు నాలుగు కొట్టిరి. ‘ఓడిన సెమీఫైనలు నింత కాలము తలచుకొని మురియు దేశము మరొకటి కలదా?’ యని సెక్రటరీగారు తొడ చరచెదరు. మూడవ స్థానమునకై బల్గేరియాతో నాడి 0-3 తో పోయిన సంగతి, సెమీఫైనలు దాటి ఇంకను ఆడుట యెంత అనర్థకమో తెలుపు సందర్భమున మాత్రమే వారి నోట వచ్చును.

నే నొకనాడు సాహసించి, ఆ రహీం సాహెబే 1962లో జకార్తా ఆసియా క్రీడలలో సెమీఫైనలున దక్షిణ వియత్నామును 3-2 తోను, ఫైనలున దక్షిణ కొరియాను 2-1 తోను ఓడించి స్వర్ణము తెచ్చిన జట్టును తీర్చిదిద్దెను గదా యంటిని. ‘ఆ కర్చు ఏ క్లబ్బు సెక్రటరీయైనను భార్య నడిగి తెచ్చినాడా?’ యనిరి. హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదేండ్లు బొంబాయిలో రోవర్సు కప్పు గెలిచినది గదా యంటిని. ‘పోలీసువారిని రైలులో టిక్కెట్టడుగు మగవా డెవడయ్యా?’ యనిరి. నేను మౌనము దాల్చితిని.

అయినను ఒక్క మాట ఒప్పుకొనక తప్పదు. మా పేట పిల్లలకు బంతియే బంతిగా దొరకుచున్నదనిన, ఈ మనుష్యుడు ఇంటింటికి తిరిగి చందా పుస్తకము చాచుటచేతనే. ఎండలో ముఖ్య అతిథికొరకు వరుసగ నిలిచిన బాలురకు తన టోపీతో విసరిన సెక్రటరీ నేను మరొకని చూడలేదు.

ఈ యేడు కీర్తిశేషుడైన యొక వర్తకుని పేర నెలకొల్పిన కప్పు పోటీలో మా బాలుర జట్టు సెమీఫైనలునకు చేరినది. చేరిన తీరు మెల్బోర్నునకు నకలే: మొదటి రౌండులో ఎదుటి జట్టునకు బడిలో పరీక్ష లడ్డువచ్చినవి, రెండవ రౌండు మాత్రము ఆడి గెలిచితిమి. ఆనాటి ఉదయము సెక్రటరీగారి ముఖమున, కూతురు పెండ్లి కట్నములేక కుదిరిన తండ్రి ముఖమందలి కాంతి తాండవించుచుండెను. రెండు డజనుల అరటిపండ్లు, గ్లూకోజు డబ్బా, నిమ్మచెక్కలు తెచ్చిరి. క్రొత్త బూట్లు కొనవలెనని కోచి వేడుకొనగా, ఓడు ఆటకు క్రొత్త బూట్లెందుకని మనసులో ననుకొని, పైకి ‘పాతబూట్లు పాదము నెరుగును’ అని చెప్పి, మోండా మార్కెట్టు చెంత చెప్పులు కుట్టువానిచేత పాతవానికే అడుగులు కుట్టించిరి.

ఆట సంగతి యెక్కువ చెప్పను. ‘బాల్ ఇయ్యిరా!’, ‘మార్ రే మార్!’ అను కేకలనడుమ దుమ్ము లేచినది. మొదటి సగమున గోలు లేదు. రెండవ సగమున వారొకటి, మేమొకటి. అరటిపండ్ల తొక్కలపై సెక్రటరీగా రొక్కరే జారిపడిరి. ఆట సరిసమాన మగుటచే పెనాల్టీలు తన్నవలసివచ్చినది. అందులకు వారు మిక్కిలి నొచ్చుకొనిరి. 1968లో ఐరోపా కప్పు సెమీఫైనలున ఇటలీయు, సోవియట్ యూనియనును గోలులేక సమముగ నిలువగా, నాణెము విసరి ఇటలీని ఫైనలునకు పంపిరట. ‘ఎంత నాగరకమైన పద్ధతి! ఓడినవానికి ఒక్కని కాలును నిందింపనక్కరలేదు’ అని నిట్టూర్చిరి.

నాలుగేసి తన్నులయిన పిదప లెక్క సమముగనే యున్నది. వారి ఐదవవాడు బంతిని గోలుకంబమునకు కొట్టెను. మా ఐదవవాడు, ఆ మీసాల పిల్లవాడు, బంతివద్దకు నడచుచుండగా వాని కుడి బూటు అడుగు ఊడి మొసలినోరువలె తెరచుకొన్నది. కుట్టు తెగినది, సెక్రటరీగారి పొదుపు సభామధ్యమున నోరు విప్పినది. వాడొక్క క్షణము క్రిందికి చూచెను. రహీం సాహెబు పిల్లలకు వాటము కాని కాలితోనే తన్నవలెనను నియమముతో పోటీలు పెట్టెడివారని సెక్రటరీగారు వారము వారము చెప్పు కథ వాని చెవులలో ఎన్ని మారులు మ్రోగినదో లెక్కలేదు. పిల్లవాడు కుడివైపునుండి చుట్టివచ్చి ఎడమకాలితో తన్నెను. వాని కుడికాలినే నమ్ముకొన్న ఎదుటి గోలుకీపరు ఒక మూలకు దుమికెను. బంతి రెండవ మూలకు, పెద్ద తొందర లేకుండ, దొరలుకొనుచు పోయి చేరెను.

పిల్లలు సెక్రటరీగారిని భుజములపై కెత్తిరి. కన్నీరు ధారగ కారుచుండెను. ఆ కన్నీటిలో ఆనందమెంతయో, ఆదాయవ్యయమెంతయో విడదీయగల రసాయనశాస్త్రము నాకు తెలియదు. నేలపైకి దిగగనే వారు నన్ను స్టాండు చాటునకు తీసికొనిపోయి, ఓదార్పు ఉపన్యాసపు కాగితము వెనుకవైపున లెక్క వేయసాగిరి. ఫైనలు వచ్చు ఆదివారము నిజామాబాదులో, పదునారుగురు పిల్లలు, బస్సు, ఒక రాత్రి బస, పదునారు జతల బూట్లు, గెలిచినచో బిరియానీ. పెన్సిలు మొన విరిగినది.

పిదప చాలసేపు రెక్సినుసంచిలోనికి చూచి, మూడవ కాగితమును మెల్లగ పైకి తీసి, నా చెవి దగ్గరకు వచ్చి రహస్యముగ నడిగిరి:

‘ఏమయ్యా, గెలిచినవారు ప్రొటెస్టు ఇయ్యరాదని రూల్సులో ఎచ్చటనైన వ్రాసియున్నదా?’