హాజీ అక్కడితో ఆగిపోవాలనుకున్నాను

2001లో ఫుట్‌బాల్ ఆటగాడు గెయోర్గె హాజీ ఆటకు స్వస్తి చెప్పి, అదే ఏడాది రుమేనియా జాతీయ జట్టుకు కోచ్‌ అయ్యాడు. నాకు నచ్చలేదు. నవంబరులో స్లొవేనియా చేతిలో ప్లేఆఫ్ ఓడి, 2002 ప్రపంచకప్ చేజారి, ఆయన తప్పుకున్నప్పుడు బాధపడాల్సింది పోయి ‘నేను ముందే అన్నాను కదా’ అనుకున్నాను. అభిమానినని చెప్పుకునేవాడు అనుకోవాల్సిన మాట కాదది.

నా మూర్ఖత్వానికి మూలం 1994 ప్రపంచకప్. ఆటలు అమెరికాలో, మనకేమో తెల్లవారుజాము. కొలంబియాతో మ్యాచ్‌లో హాజీ ఎడమ అంచున, గోల్‌కు చాలా దూరంలో బంతి అందుకున్నాడు. లోపలికి క్రాస్ వేస్తాడనే అనుకున్నాను. గోల్‌కీపర్ కోర్డోబా కాస్త ముందుకొచ్చి నిలబడ్డాడు. అంతే, హాజీ ఎడమకాలితో లేపిన బంతి అతని చాచిన చేతికి అందకుండా తల మీదుగా వెళ్లి వల్లో పడింది. తర్వాత అర్జెంటీనాను 3-2తో ఇంటికి పంపారు. అందులోనూ హాజీ గోల్ ఉంది. మారడోనా డోపింగ్ పరీక్షలో దొరికిపోయి అప్పటికే టోర్నీకి దూరమయ్యాడు. ‘కార్పేథియన్ల మారడోనా’ అని పేరున్నవాడు మాత్రం మైదానంలో ఉన్నాడు. ఆ కాలు చూసిన కళ్లతో, అదే మనిషి గీత అవతల నిలబడి కేకలేయడం చూడలేకపోయాను.

ఆ తర్వాత కోచ్‌గా బుర్సాస్పోర్, తిమిషోరా, స్తెయావా క్లబ్‌లు... ఎక్కడా ఎక్కువ కాలం నిలవలేదు. 2007లో స్తెయావా యజమానితో పొసగక బయటికొచ్చేశాడు. ఇవన్నీ నాకు నోటికొచ్చు. 2005 టర్కిష్ కప్ ఫైనల్లో ఆయన శిక్షణలోని గలాతసరాయ్, ఆగర్భ శత్రువైన ఫెనెర్‌బాచెను 5-1తో చిత్తు చేసిన సంగతీ తెలుసు. కానీ దాన్ని ఏనాడూ లెక్కలోకి తీసుకోలేదు. నా జ్ఞాపకం చెడకూడదని ఒక మనిషి జీవితం ముప్పై ఆరేళ్లకే ఆగిపోవాలని కోరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

2009లో ఆయన సొంత డబ్బుతో, నల్లసముద్రపు రేవు కాన్‌స్టాంట్సా ప్రాంతంలో పిల్లల అకాడమీ పెట్టినప్పుడు కూడా కాలక్షేపమనే అనుకున్నాను. ఆ పిల్లల చుట్టూ కట్టిన వీటోరుల్ క్లబ్ 2012లో మొదటి డివిజన్‌కు ఎదిగింది. 2014లో ఆయనే కోచ్ అయ్యాడు. 2017లో బుకారెస్ట్‌కు చెందిన ఎఫ్‌సీఎస్‌బీతో పాయింట్లు సమానమైతే, ముఖాముఖి మ్యాచ్‌ల లెక్కన లీగ్ టైటిల్ వీటోరుల్‌కు వచ్చింది. రుమేనియా తరఫున ఆడిన అతిపిన్న ఆటగాడి రికార్డు 2014లో పదహారేళ్ల క్రిస్టియన్ మానియాకు, 2021లో పదిహేనేళ్ల ఎనెస్ సాలీకి దక్కింది. ఇద్దరూ ఆ అకాడమీ పిల్లలే. వీటోరుల్, హాజీ కుర్రతనంలో ఆడిన ఫారుల్‌తో 2021లో కలిసిపోయింది. 2023లో ఆ ఫారుల్ టైటిల్ తేల్చే మ్యాచ్‌లో, అదే ఎఫ్‌సీఎస్‌బీ మీద 0-2 వెనకబడి కూడా 3-2తో గెలిచింది.

వీటన్నిటి కంటే నన్ను గట్టిగా కుదిపింది, ఎప్పటినుంచో తెలిసి కూడా పట్టించుకోని ఒక విషయం. 1983లో పద్దెనిమిదేళ్ల హాజీని జాతీయ జట్టులో మొదటిసారి ఆడించిన కోచ్ మిర్చా లూచెస్కు. ఆయన 1970 ప్రపంచకప్‌లో రుమేనియా కెప్టెన్. మెక్సికోలో పెలే జట్టుతో 2-3 దాకా పోరాడినవాడు. ఆ తర్వాత హునెదోఆరా అనే ఉక్కు పట్టణపు చిన్న క్లబ్‌లో ఆడుతూనే కోచింగ్ మొదలుపెట్టాడు. లూచెస్కు ఆ మెక్సికో వైభవం దగ్గరే ఆగిపోవాలని నాలాంటివాడు అప్పుడూ ఎవడో ఒకడు కోరుకునే ఉంటాడు. వాడి కోరికే నెరవేరి ఉంటే, ఆ కుర్రాణ్ణి అంత తొందరగా నమ్మి పంపేదెవరు? నేను పూజించిన ఆ ఎడమకాలిని ప్రపంచానికి చూపించినవాడే, ఆట మానేశాక కోచ్ అయిన ఒక కెప్టెన్.

ఇప్పుడు బుర్సాస్పోర్, తిమిషోరా రోజుల మ్యాచ్‌లు వెతుకుతున్నాను. ఆయన ఏ కుర్రాణ్ణి ఏ నిమిషంలో దింపాడో, బంతి పోయినప్పుడు జట్టును ఎలా వెనక్కి లాగాడో చూడాలని ఆశ. చాలావాటికి స్కోరు, తేదీ తప్ప ఏమీ దొరకడం లేదు. చూడగలిగిన రోజుల్లో నేనే మొహం తిప్పుకున్నాను.