‘నాట్ ఫౌండ్’ వాక్యమునకు టీకా తాత్పర్యము

మూలము:
./లెక్క: /లిబ్/ఎక్స్86_64-లైనక్స్-జీఎన్‌యూ/లిబ్‌సీ.ఎస్ఓ.6: వెర్షన్ జీలిబ్‌సీ_2.34 నాట్ ఫౌండ్

అవతారిక: ఉబుంటు 22.04లో కంపైలు చేసిన ప్రోగ్రామును 20.04 సర్వరుకెక్కించి, ఎంటరు కొట్టినవానికి అర్ధరాత్రి తెరపై ప్రత్యక్షమైన పంక్తి యిది.

ప్రతిపదార్థము: ./లెక్క = ఈ ఫోల్డరులోనే యున్న ‘లెక్క’ యను ప్రోగ్రాము; లిబ్‌సీ.ఎస్ఓ.6 = ప్రోగ్రాములలో పెక్కు చేయి చాచు లైబ్రరీ (చివరి ఆరంకె 1997 నుండియు మారలేదు; ఊరకే కాదు, కారణము తాత్పర్యమున); జీలిబ్‌సీ_2.34 = ఆ లైబ్రరీకి 2021 ఆగస్టు నాటి కూర్పు; నాట్ ఫౌండ్ = కానరాలేదు. ‘లేదు’ అనకపోవుట యంత్రముయొక్క మర్యాద.

తాత్పర్యము: “అప్‌డేటు చేసి చెడగొట్టిరి” అని కొందరర్థము చెప్పుదురు. పొసగదు. ఇచట లైబ్రరీయే పాతది, 2.31. ప్రోగ్రాము కొత్తది. ఉత్త ‘హలో’ అను ప్రోగ్రామునకైనను ఇదే గతి. ఏలన, మెయిన్‌ను పిలుచు ఫంక్షనుకే 2.34లో కొత్త చీటీ (వెర్షన్ గుర్తు) పడినది. దీనికి విలోమముగా, పాత ప్రోగ్రాము కొత్త లైబ్రరీపై సాధారణముగా నడచును. ఫంక్షను నడవడి మారినపుడు కొత్తదానికి వేరు చీటీ అంటించి, పాతదానిని పాత చీటీతోనే అట్టే యుంచుదురు.

ఆక్షేపము: మరి 2010లో కొత్త లైబ్రరీతో వచ్చిన ఫెడోరా 14 లైనక్సుపై పాత ఫ్లాష్ ప్లేయరులో పాటలు బరబరలాడినవి గదా?

సమాధానము: ఆడినవి. మెమ్‌కాపీకి (బైట్లు నకలు చేయు ఫంక్షనుకు) ఇచ్చు రెండు చోట్లు ఒకదానిపై నొకటి పడరాదని మాన్యువలు నియమము. ఫ్లాష్ దానిని తప్పినది. బైట్లు ముందునుండి వెనుకకు నకలగుచున్నంత కాలము ఎవరికిని తెలియలేదు. కొత్త మెమ్‌కాపీ వేగముకొరకు వెనుకనుండి మొదలిడినది, గుట్టు బయటపడినది. శాస్త్రము లైబ్రరీ పక్షమే. లైనక్స్ కర్త లైనస్ టోర్వాల్డ్స్ మాత్రము వాడువారి పక్షము వహించి, తాత్కాలికముగా తానే యొక చిన్న మెమ్‌కాపీ వ్రాసియిచ్చెను. నా యోటును ఆయనకే. పాట వినువాడు మాన్యువలు చదువునా? తుదకు 2011లో 2.14 కూర్పు కొత్త నడతకు కొత్త చీటీ నిచ్చి, పాత ప్రోగ్రాములకు నిరపాయమైన పాత నడతనే మిగిల్చినది.

పరిహారము: పాత సర్వరుపైననే కంపైలు చేయునది. కొత్త లిబ్‌సీ ఫైలును తెచ్చి పాతదానిపై రుద్దరాదు. రుద్దినచో ఫైళ్ల జాబితా చూపు ఎల్‌ఎస్ సైతము పలుకదు. ఇది వ్యాఖ్యాత స్వానుభవము.

పాఠాంతరము: కొన్ని ప్రతులలో 2.34కు మారుగా ‘2.38’ అని కలదు. అర్థమొక్కటే.