సర్కారు వారి స్పెల్లింగు

చాళుక్య చక్రవర్తి ఆరో విక్రమాదిత్యుడు కొండ మీద కోట కట్టి, త్రిభువనమల్లుడన్న తన బిరుదునే తగిలించాడు. అలా పుట్టింది త్రిభువనగిరి. జనం ‘త్రి’ని దించేసి భువనగిరి అన్నారు. దస్తరాలు ఇంకాస్త నమిలి భోంగీర్ చేశాయి. నేటికీ లోక్‌సభ స్థానం ఇంగ్లిషు జాబితాలో భోంగీరే. 2016లో వచ్చిన జిల్లా మాత్రం యాదాద్రి భువనగిరి!

పక్కనే యాదగిరిగుట్ట. గిరి అన్నా కొండే, గుట్ట అన్నా కొండే. రెండు కొండలెందుకనుకున్నారో ఏమో, యాదాద్రి అన్నారు. 2024 నవంబరులో ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి మళ్లీ యాదగిరిగుట్టే అన్నారు. నరసింహస్వామి ఉన్నచోటే ఉన్నాడు, బోర్డులు రాసేవాళ్లకు మాత్రం చేతినిండా పని!

నీలగిరి నల్లగొండైంది, ఇంగ్లిషులోకి వెళ్లేసరికి ఒక ‘ల’ జారిపోయింది. పాలమూరు 1890లో ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ పేరిట మహబూబ్‌నగర్ అయింది. ఇంగ్లిషులో ‘హెచ్’ పక్కన ‘ఏ’ ఉండాలా వద్దా అన్నది ఒక్కో కాగితంలో ఒక్కో తీర్పు.

రైతు పాసుపుస్తకంలో, ఆధార్‌లో ఒక్క అక్షరం తేడా వస్తే అఫిడవిట్ పట్టుకుని తిరగాలి. జిల్లా పేరునే రెండు రకాలుగా రాసే సర్కారును అఫిడవిట్ అడిగేదెవరు? అయ్యా, మా పేర్లు దిద్దడం తర్వాత, ముందు మీ ఊళ్ల పేర్లు దిద్దుకోండి!